విదేశీ ఒప్పందాల్లో రైతు మాట ఏది?

(2025 నవంబర్‌లో రేగోడ్‌లో జరిగిన మండల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు మనం పెట్టుకున్న అంశం దేశాల మధ్య సంబంధాలు, యుద్ధాలు, ఒప్పందాలు. పత్తి ఏరే రోజుల్లో ఇదేం ముచ్చట అని కొందరికి అనిపించొచ్చు. "పత్తి కొనుగోళ్ల గురించి మాట్లాడుండ్రి, అమెరికా, చైనా లొల్లి మనకెందుకు" అని ఊర్లలో అంటున్నారు. పత్తి ధర గురించి మాట్లాడాలంటేనే అమెరికా గురించి మాట్లాడాల్సి వస్తోంది. యూరియా గురించి మాట్లాడాలంటే చైనా, ఇరాన్, ఖతార్ దాకా పోవాల్సి వస్తోంది. కందుల గురించి మాట్లాడాలంటే మొజాంబిక్, మయన్మార్ పేర్లు ఎత్తక తప్పదు. మనం పండించే పంటలు ఇవే. అందుకే ఈ అంశం పెట్టుకున్నాం.

యూరియా కొరత ఎక్కడ మొదలైంది?

ఈ వానాకాలం ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో ఏం జరిగిందో అందరికీ తెలుసు. తెల్లవారకముందే పాస్‌బుక్కులు, చెప్పులు లైన్లో పెట్టి కూర్చున్నాం. రెండు సంచుల కోసం రోజుల తరబడి పని పోగొట్టుకున్నాం. కేంద్రం రాష్ట్రాన్ని అన్నది, రాష్ట్రం కేంద్రాన్ని అన్నది. పంపిణీలో లోపాలున్నాయి, బ్లాకులో అమ్మినవాళ్లూ ఉన్నారు. వాటి మీద కొట్లాడాం, ఇక ముందూ కొట్లాడతాం. కానీ అసలు సరుకే ఎందుకు తక్కువ వచ్చిందో కూడా తెలుసుకోవాలి.

యూరియా తయారీకి ముడిసరుకు సహజ వాయువు. మన దేశం వాడే గ్యాస్‌లో సుమారు సగం ఓడల మీద వస్తుంది. అందులో పెద్ద వాటా ఖతార్‌ది. ఆ ఓడలు ఇరాన్ పక్కనున్న హోర్ముజ్ జలసంధి దాటి రావాలి. మన ఫ్యాక్టరీలన్నీ కలిపి ఏటా సుమారు 300 లక్షల టన్నుల యూరియా తీస్తాయి. అవసరం అంతకంటే చాలా ఎక్కువ. మిగతాది విదేశాల నుంచే కొనాలి.

ఈ ఏడాది జూన్ 13న ఇజ్రాయెల్ ఇరాన్ మీద దాడి చేసింది. యుద్ధం 12 రోజులు నడిచింది. ఇరాన్‌లో యూరియా తయారీ ఆగింది. ఇజ్రాయెల్ నుంచి గ్యాస్ రాక ఈజిప్టు ఫ్యాక్టరీలూ ఆగాయి. ప్రపంచ మార్కెట్‌లో ధర ఎగబాకింది. ఇక్కడ మనం విత్తనాలు వేసే నెల అది. ఎర్ర సముద్రంలో హౌతీల దాడులకు భయపడి ఓడలు అప్పటికే ఆఫ్రికా ఖండం చుట్టూ తిరిగి వస్తున్నాయి. చైనా తన ఎరువులను బయటికి పోనీయకుండా బిగబట్టింది. ఇవన్నీ చాలవన్నట్టు మన రామగుండం ఫ్యాక్టరీలో సాంకేతిక లోపాలతో ఉత్పత్తి ఆగింది. ఏటా 12 లక్షల 70 వేల టన్నులు తీయగల ఫ్యాక్టరీ అది. పాత ఫ్యాక్టరీ 1999లో మూతపడితే, 2021లో గానీ కొత్తది నడవలేదు. 266 రూపాయల 50 పైసల సంచి కోసం మన సొసైటీ ముందు పెరిగిన లైను వెనుక ఇంత కథ ఉంది.

డీఏపీ సంగతి ఇంకా ఘోరం. 2023-24లో చైనా నుంచి 22 లక్షల టన్నుల పైన వచ్చిన డీఏపీ, మరుసటి ఏడాది 9 లక్షల టన్నుల లోపుకు పడిపోయింది. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో చైనా సైనికులతో పోరులో మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు ప్రాణమిచ్చాడు. సరిహద్దులో అంత జరిగిన తర్వాత కూడా ఎరువు కోసం ఆ దేశం వైపే చూసే స్థితిలో ఉన్నాం. మొన్న ఆగస్టు 18, 19 తేదీల్లో చైనా విదేశాంగ మంత్రి వాంగ్ యీ ఢిల్లీకి వచ్చినప్పుడు, చర్చల్లో ఎరువుల ముచ్చట కూడా ఉందని వార్తలొచ్చాయి. ఇప్పుడు సౌదీ అరేబియా కంపెనీతో ఏటా 31 లక్షల టన్నుల డీఏపీకి ఐదేళ్ల ఒప్పందం చేసుకున్నారు. మంచిదే. ఒక్కరి మీదే ఆధారపడే బదులు నలుగురి దగ్గర కొనడం నయం. పొటాష్ అయితే దాదాపు మొత్తం బయటిదే. రష్యా, బెలారస్, కెనడా, ఇజ్రాయెల్, జోర్డాన్ దేశాల నుంచి వస్తుంది. 2021 మొదట్లో వెయ్యి లోపు ఉన్న పొటాష్ సంచి 2022లో 1,700 అయింది. మన జేబులో నుంచి పోయిన పైసలు అవి.

పెద్దలకు గుర్తుండే ఉంటుంది. 1965, 66 కరువు కాలంలో అమెరికా గోధుమల మీద మన దేశం బతికింది. వియత్నాం మీద బాంబులు వేయడం తప్పని మన ప్రభుత్వం అన్నందుకు, అధ్యక్షుడు జాన్సన్ ఓడలను నెల నెలా లెక్కపెట్టి వదిలాడు. ఆ అవమానం నుంచి దేశాన్ని బయట వేసింది రైతులే. ఇవాళ గోదాముల నిండా బియ్యం ఉన్నాయి. కానీ ఆ బియ్యం పండించే ఎరువు కోసం మళ్లీ ఓడల వైపే చూస్తున్నాం. దేశ భద్రత అంటే తుపాకులే కాదు. సీజన్‌కు ముందు గోదాములో ఉండే ఎరువు నిల్వ కూడా దేశ భద్రతే.

పత్తి మీద పడ్డ దెబ్బ

ఇప్పుడు పత్తికి వద్దాం. అమెరికా మన సరుకుల మీద సుంకం పెంచింది. ఆగస్టు 7న 25 శాతం, రష్యా దగ్గర చమురు కొంటున్నారని 27న ఇంకో 25, మొత్తం 50 శాతం. కోస్తాలో రొయ్య రైతుకు వెంటనే ధర తెగ్గొట్టారు. బట్టల మిల్లులకు ఆర్డర్లు తగ్గాయి.

అదే ఆగస్టు 7న ఢిల్లీలో స్వామినాథన్ శతజయంతి సభలో ప్రధాని మాట్లాడుతూ, రైతుల ప్రయోజనాల విషయంలో రాజీ పడేది లేదని, అందుకు తాను ఎంత మూల్యమైనా చెల్లిస్తానని అన్నారు. మనమూ విని సంతోషపడ్డాం. సరిగ్గా 11 రోజులకు, ఆగస్టు 18న, దూది దిగుమతి మీదున్న 11 శాతం సుంకాన్ని ఎత్తేస్తూ ఉత్తర్వు వచ్చింది. మొదట సెప్టెంబర్ 30 వరకు అన్నారు. పది రోజులకే డిసెంబర్ 31 వరకు పొడిగించారు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన పత్తి మార్కెట్‌కు వచ్చే కాలమని ఢిల్లీలో తెలియదా?

ఉత్తర్వు వచ్చిన రోజుల వ్యవధిలోనే సీసీఐ తాను అమ్మే దూది ధరను క్యాండీకి 1,100 రూపాయలు తగ్గించింది. క్యాండీ అంటే 356 కిలోలు. దూది ధర తగ్గితే జిన్నింగ్ మిల్లు పత్తి ధర తగ్గిస్తుంది. పొడవు పింజ పత్తికి మద్దతు ధర 8,110 రూపాయలు. అది దక్కాలంటే సీసీఐకే అమ్మాలి. సీసీఐ ఏమో ఫోన్లో స్లాటు బుక్ చేయమంటుంది, తేమ 12 శాతం దాటితే వద్దంటుంది, ఎకరాకు 7 క్వింటాళ్లే కొంటానంటుంది. మిగిలిన పత్తి ఎటు పోతుంది? ప్రైవేటు వ్యాపారి కాంటా మీదికే పోతుంది.

మిల్లులకు చౌక దూది లేకపోతే తిరుప్పూర్‌లో కార్మికుల ఉపాధి పోతుందని కొందరంటారు. ఆ మాట కొట్టిపారేసేది కాదు. కార్మికుడి కడుపు కొట్టమని మేం అడగడం లేదు. అమెరికా వేసిన సుంకం దేశం మొత్తానికి వచ్చిన కష్టం. అయితే దాన్ని దేశం మొత్తం మోయాలి. బడ్జెట్ నుంచి మిల్లులకు సాయం చేయొచ్చు. రెండెకరాలు, మూడెకరాల పత్తి రైతు ఒక్కడి నెత్తిన పెట్టడం ఏం న్యాయం?

వేరే దేశాలు ఏం చేస్తున్నాయో చూడండి. మన తెలంగాణ బియ్యం ఈ ఏడాది మార్చి 31న కాకినాడ రేవు నుంచి ఫిలిప్పీన్స్‌కు పోయాయి. 12,500 టన్నుల మొదటి ఓడ. సెప్టెంబర్ 1 నుంచి అదే ఫిలిప్పీన్స్ బియ్యం దిగుమతులు ఆపేసింది. కారణం ఏంటంటే, వాళ్ల రైతుల కోతలు మొదలైతున్నయి, ధాన్యం ధర పడిపోతున్నది. మొదట 60 రోజులు ఆపి, తర్వాత ఏడాది చివరిదాకా పొడిగించారు. మన బియ్యానికి అది దెబ్బే. కానీ వాళ్ల ప్రభుత్వాన్ని తప్పుపట్టలేం. కోతల కాలంలో వాళ్లు తలుపు మూశారు, ఏరే కాలంలో మనవాళ్లు తలుపు తెరిచారు.

బ్రెజిల్ ఇంకా గట్టిగా నిలబడింది. అమెరికా తన పత్తి రైతులకు ఇచ్చే సబ్సిడీలతో ప్రపంచ ధర పడిపోతోందని 2002లో డబ్ల్యూటీవోలో కేసు వేసింది, గెలిచింది. చివరికి 2014లో అమెరికా 30 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది. అదే అమెరికా 2018లో మన పత్తి మద్దతు ధర పరిమితి మించిందని డబ్ల్యూటీవోలో అభ్యంతరం పెట్టింది. అక్కడ సగటు కమతం 460 ఎకరాలు. మన రాష్ట్రంలో రెండున్నర ఎకరాలు. ఇద్దరినీ ఒకే బరిలో దింపి పోటీ పడమంటున్నారు.

పత్తితో ఆగేలా లేదు. ఆ దేశ వాణిజ్య మంత్రి హోవార్డ్ లుట్నిక్ సెప్టెంబర్‌లో బహిరంగంగానే అడిగాడు, 140 కోట్ల జనమున్న భారత్ మా మక్కలు ఎందుకు కొనదని. చైనాతో తగవు వచ్చి వాళ్ల సోయా నెలల తరబడి అమ్ముడుపోలేదు. మిగిలిన సరుకుకు వాళ్లు కొత్త మార్కెట్ వెతుక్కుంటున్నారు. మన మక్కలకు మద్దతు ధర 2,400 అని రాసి ఉంది. బయటి మక్కలు దిగితే ఆ రాత ఎవరు చూస్తారు?

కందుల ముచ్చట

2016లో మొజాంబిక్‌తో కందులకు ఒప్పందం చేసుకున్నారు. లక్ష టన్నులతో మొదలుపెట్టి ఐదేళ్లలో 2 లక్షల టన్నులకు పెంచేలా. 2021లో మయన్మార్‌తో, మలావీతో కూడా చేసుకున్నారు. పప్పు ధర పెరిగితే పట్నంలో కూలి మనిషికి కష్టమే, అది మాకు తెలుసు. కొన్నేళ్లు కొరత ఉన్నప్పుడు దిగుమతి అవసరం కూడా. కానీ సుంకం లేకుండా కందులు తెచ్చుకునే సౌకర్యాన్ని ఏటేటా పొడిగిస్తూ 2026 మార్చి 31 దాకా తెచ్చారు. మన కందులు మార్కెట్‌కు వచ్చేది జనవరి నుంచి మార్చి మధ్యలోనే. 2023 డిసెంబర్ నుంచి పసుపు బఠాణీని సుంకం లేకుండా దించారు. పప్పుల ధర మీద దాని దెబ్బ పడింది. రైతు సంఘాలు అరిచి అరిచి అలసిపోయాక, మొన్న నవంబర్ 1 నుంచి దాని మీద 30 శాతం సుంకం వేశారు. అరిస్తే వినపడుతుందనడానికి ఇదొక రుజువు.

ఇంకో మాట. మొజాంబిక్ రైతుతో మనకు పగ లేదు. 2017లో మన ప్రభుత్వం ఉన్నట్టుండి కందుల దిగుమతికి పరిమితి పెట్టినప్పుడు అక్కడ ధర కూలిపోయి వాళ్లు కూడా మనలాగే ఏడ్చారు. ఢిల్లీని నమ్మి పంట వేసిన రైతు అక్కడా మునిగాడు, ఇక్కడా మునిగాడు. దిగుమతి విధానం విత్తనాలు వేయకముందే చెప్పి, దాని మీద నిలబడితే ఇద్దరూ బతుకుతారు.

నిర్ణయం ఎవరిది?

రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో రాష్ట్రాల జాబితా 14వ పద్దు వ్యవసాయం. కేంద్రం జాబితా 14వ పద్దు విదేశాలతో ఒప్పందాలు. అంటే వ్యవసాయం రాష్ట్రానిది, ఆ పంట ధరను ఆడించే ఒప్పందం కేంద్రానిది. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు పార్లమెంటు ఆమోదం తీసుకోవాలన్న నియమం లేదు. రాష్ట్రాన్ని అడగాలన్న నియమం అసలే లేదు. సుంకం ఎత్తేయడానికి ఒక్క ఉత్తర్వు చాలు. 2022 డిసెంబర్ నుంచి అమల్లో ఉన్న ఆస్ట్రేలియా ఒప్పందంలో 51,000 టన్నుల దూదిని సుంకం లేకుండా తెచ్చుకోవచ్చని ఉంది. ఈ సంగతి మన మండలంలో ఎంతమంది పత్తి రైతులకు చెప్పారు?

అయినా నిరాశ పడే పని లేదు. 2019లో ఆర్‌సెప్ అనే పెద్ద ఒప్పందంలో చేరడానికి అంతా సిద్ధమైంది. న్యూజిలాండ్ పాలపొడి వస్తే మన పాడి మునుగుతుందని రైతులు, పాల సహకార సంఘాలు దేశమంతా గొంతెత్తాయి. నవంబర్ 4న బ్యాంకాక్‌లో మన దేశం ఆ ఒప్పందంలో చేరబోమని ప్రకటించింది. రైతు మాట విదేశాంగ విధానాన్ని మార్చగలదని అప్పుడు తేలింది.

మన డిమాండ్లు

ఒకటి, దూది దిగుమతి సుంకం మినహాయింపును డిసెంబర్ 31 తర్వాత ఒక్కరోజు కూడా పొడిగించొద్దు. సీసీఐ 7 క్వింటాళ్ల పరిమితి ఎత్తేసి, పండిన పత్తి అంతా కొనాలి.

రెండు, పంటల దిగుమతి విధానం ఏటా విత్తనాలకు ముందే ప్రకటించాలి. పంట చేతికొచ్చే కాలంలో సుంకం తగ్గించకూడదు.

మూడు, ఏ వాణిజ్య ఒప్పందంలోనైనా వ్యవసాయ భాగాన్ని సంతకానికి ముందు పార్లమెంటులో, రాష్ట్ర శాసనసభల్లో చర్చకు పెట్టాలి. మన భాషలో రైతులకు అందుబాటులో ఉంచాలి.

నాలుగు, వానాకాలానికి కావాల్సిన ఎరువుల్లో కనీసం సగం మే నెలాఖరుకే జిల్లా గోదాముల్లో ఉండాలి. రామగుండం ఫ్యాక్టరీ మరమ్మతులు ఎండాకాలంలోనే పూర్తి చేయాలి.

మన వంతు పని కూడా ఉంది. జీలుగ, జనుము వేసి కలియదున్నితే యూరియా కొంత తగ్గుతుంది. ఆ విత్తనాలు సబ్సిడీ మీద సకాలంలో ఇవ్వాలని ఇప్పటినుంచే అడగాలి.

డిసెంబర్ 31కి ఎక్కువ రోజులు లేవు. ప్రతి ఊర్లో కూర్చొని ఈ నాలుగు డిమాండ్లతో తీర్మానం రాయండి, సంతకాలు చేయించండి. కౌలు రైతుల సంతకాలు, పత్తి ఏరే అక్కచెల్లెళ్ల సంతకాలు కూడా ఉండాలి. ఆ కాగితాలన్నీ కలిపి తహసీల్దారుకు, జిల్లా కలెక్టరుకు, జహీరాబాద్ ఎంపీకి ఇద్దాం. పార్లమెంటులో పత్తి సుంకం గురించి అడిగారా లేదా అని ఎంపీని మళ్లీ అడుగుదాం. వచ్చే నెల సమావేశంలో ఏ ఊరి నుంచి ఎన్ని సంతకాలు వచ్చాయో లెక్క చూసుకుందాం.