మస్కట్‌లో పాత వ్యాన్ కొనేముందు

మస్కట్‌లో ఏసీ రిపేర్లకో, ప్లంబింగ్ పనులకో పాత వ్యాన్ కొనాలనుకుంటున్నారా? టయోటా హయేస్, నిస్సాన్ ఉర్వాన్ అయితే సామాను తేలిగ్గా దొరుకుతుంది, మెకానిక్కులకు వాటిమీద చెయ్యి తిరిగి ఉంటుంది.

కొత్తగా వేసిన రంగు చూసి బయానా ఇచ్చేయకండి, దాని కింద వరద దెబ్బ దాగి ఉండొచ్చు. 2021 అక్టోబరులో షాహీన్ తుపాను బాతినా తీరాన్ని ముంచెత్తింది. నీట మునిగిన బండిలో వైర్లు ఏళ్ల తర్వాత కూడా సతాయిస్తాయి. కాళ్లకింది మ్యాట్ ఎత్తండి, సీటు బెల్టు చివరిదాకా లాగండి. బురద చార కనిపించిందా, ఇక బేరమే వద్దు. ఏసీని మిట్టమధ్యాహ్నం ఎండలో నడిపి చూడండి, పొద్దున్నే ఏ ఏసీ అయినా చల్లగానే ఉంటుంది.

ముల్కియా (బండి రిజిస్ట్రేషన్ కార్డు) మీది ఛాసిస్ నంబరు బండితో సరిచూసుకోండి. రాయల్ ఒమన్ పోలీసు దగ్గర పేరు మారేదాకా పూర్తి డబ్బు చేతికివ్వకండి.