పుర్రెకు పుట్టినతేదీ



కువైట్‌లోని సులైబియాలో ఒక శుక్రవారం మన తెలుగువాళ్ళం పదిమంది భోజనాలకు కలిశాం. మాటల్లో నేనో గొప్ప చెప్పాను: "మన కర్నూలు గుహల్లో డెబ్భై వేల ఏళ్ళనాటి మనిషి పుర్రె దొరికింది!"

అక్కడున్న డ్రైవర్ తమ్ముడిది బేతంచెర్ల దగ్గరి పల్లె. "అన్నా, బిల్లసర్గం గుహల కాడ చిన్నప్పుడు గొర్లు మేపినా. పుర్రె ఎవరు చూసినారు? దాని వయసు ఎట్ల కనుక్కున్యారు?" అన్నాడు. ఇంజనీరింగ్ చదివిన నా దగ్గర జవాబు లేదు. పిల్లలు వింటున్నారు.

ఇంటికెళ్ళి చదివాను. బిల్లసర్గం గుహల్ని 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ తవ్వించారు. దొరికినవి ముఖ్యంగా జంతువుల ఎముకలు. మనిషి పుర్రె ముక్కలు దొరికింది జ్వాలాపురంలో, ఒక రాతిచాటున; అవి ఉన్న పొరల వయసు సుమారు 20,000 నుంచి 12,000 ఏళ్ళు. మరి డెబ్భై వేలు? అదే లోయలో 74,000 ఏళ్ళ క్రితం సుమత్రాలో పేలిన టోబా అగ్నిపర్వతపు బూడిద ఉంది. దానికి పైనా కిందా రాతి పనిముట్లు దొరికాయి. బూడిద వయసు తెచ్చి పుర్రెకు అంటగట్టింది నేనే!

గుహల్లోనూ ఇదే చిక్కు. ముళ్ళపందులు బొరియలు తవ్వితే పైపొర ఎముక కిందికి జారుతుంది. మా భాషలో చెప్పాలంటే, ఫైలును కొత్త ఫోల్డర్‌లో పడేసి ఫోల్డర్ తేదీనే ఫైలు తేదీ అనుకోవడం. కార్బన్-14 లెక్క సుమారు 50,000 ఏళ్ళ దాకానే పనికొస్తుంది. అంతకన్నా పాతవాటికి వేరే దారి: నిప్పులో కాలిన రాయిలో గడియారం సున్నాకు వస్తుంది, అక్కడినుంచి మళ్ళీ లెక్కపెట్టవచ్చు. ఇజ్రాయెల్‌లోని కఫ్‌జే గుహలో 1988లో ఇలాగే కాలిన చెకుముకి రాళ్ళను పరీక్షిస్తే, అక్కడి మనిషి అస్థిపంజరాల వయసు సుమారు 92,000 ఏళ్ళని తేలింది. దగ్గర్లోని కెబారా గుహలో దొరికిన నియాండర్తల్ మనిషిది 60,000 మాత్రమే. నియాండర్తల్ నుంచే మనం వచ్చామన్న కథ అక్కడ తలకిందులైంది. పుర్రెలు మారలేదు, తేదీ మారింది, కథ మారింది.

మరుసటి శుక్రవారం పిల్లల ముందే తప్పు ఒప్పుకున్నాను. "పన్నెండు వేలైనా తక్కువేం కాదులే అన్నా," అన్నాడు తమ్ముడు నవ్వుతూ.

పరాయి దేశంలో పిల్లలకు ఊరి గొప్ప చెప్పాలని మనందరికీ ఉంటుంది. చెబుదాం. కానీ రేపు వాళ్ళు వెతికి చూసుకున్నా నిలబడేదే చెబుదాం. లేకపోతే వాళ్ళు మనం చెప్పిన నిజాలను కూడా నమ్మరు.