సిద్ధవటము: ఒకనాటి జిల్లా ముఖ్యస్థానము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



పెన్నా తీరమందలి సిద్ధవటము 1808 నుండి 1812 వరకు కడప జిల్లాకు ముఖ్యస్థానముగా నుండెను. నదికి వరద వచ్చినపుడెల్ల ఊరికి రాకపోకలు తెగిపోయెడివి. అందుచే కచేరీలు కడపకు తరలిపోయినవి. మట్లి రాజులేలిన కోట మాత్రము రాతిగోడలతో నేటికిని నిలిచియున్నది.

ఆ సమీపమందే ఒంటిమిట్ట కోదండరామాలయము గలదు. అది జీర్ణింపగా, వావిలికొలను సుబ్బారావుగారు టెంకాయచిప్ప చేబూని ఊరూర భిక్షమెత్తి ఉద్ధరించిరి.

అధికారము ఒక ఉత్తరువుతో తరలిపోవును. జనులు తమదనుకొని కాపాడుకొన్నది తరలిపోదు. ఇరువదియైదేండ్లుగా చందాదారులు నిలిపిన ఈ గ్రంథాలయము కూడ అట్టిదే. మన పెద్దలెరిగిన గ్రామచరిత్రను, వారుండగనే వ్రాయించి, ఇచట భద్రపరచుదము. ఇదియే నా ప్రార్థన.