పసిబిడ్డ మనసు, బాలింత మనసు



పురుడు వచ్చిన ఇంటికి వెళ్తే మనం అడిగేవి రెండు మూడు మాటలే. బిడ్డ ఎవరి పోలిక? బరువెంత? పాలు చాలుతున్నాయా? "నీకు నిద్ర పడుతోందా అమ్మా?" అని బాలింతను అడిగేవాళ్లు అరుదు. పిల్లల మనసు గురించి చెప్పమన్నారు కాబట్టే తల్లి దగ్గర మొదలుపెడుతున్నాను.

1970లలో అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. నెలల బిడ్డతో ఆడుతున్న తల్లి ఉన్నట్టుండి ముఖంలో ఏ భావమూ లేకుండా కూర్చుంటుంది. బిడ్డ ముందు నవ్వి చూస్తుంది. ఊ కొడుతుంది, చేతులు చాస్తుంది. అప్పటికీ తల్లి పలకకపోతే ముఖం తిప్పేసుకుంటుంది, ఏడుపు లంకించుకుంటుంది. ఇదంతా రెండు మూడు నిమిషాల్లోనే! తల్లి మళ్లీ నవ్వి పలకరిస్తే మెల్లగా కుదుటపడుతుంది. కాబట్టి ఒక పూట విసుక్కున్నానే అని ఏ తల్లీ బెంగపడక్కర్లేదు.

కష్టమల్లా ఆ నవ్వు వారాల తరబడి కరువైనప్పుడే. కాన్పయిన రెండు మూడు రోజులకు ఊరికే ఏడుపు రావడం మామూలే, రెండు వారాల్లో అదే సర్దుకుంటుంది. ఆ తర్వాత కూడా దిగులు వదలకపోయినా, బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టకపోయినా, "నేనేం తల్లిని" అని తనను తాను తిట్టుకుంటున్నా డిప్రెషన్ అని అనుమానించాలి. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో ప్రసవించిన 100 మందిలో సుమారు 20 మందికి ఏదో ఒక మానసిక సమస్య, ముఖ్యంగా డిప్రెషన్, వస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మనమేమో గాలి సోకిందంటాం, లేదా పొగరంటాం. ఇది జబ్బు, నయమయ్యే జబ్బు. కౌన్సెలింగ్ ఉంది. పాలిచ్చే తల్లులకు కూడా డాక్టరు చూసి ఇవ్వగల మందులున్నాయి.

అత్తగార్లకు, భర్తలకు ఒక మాట. రాత్రి కొన్ని గంటలు బిడ్డను మీరు చూసుకోండి, ఆమెను కంటినిండా నిద్రపోనివ్వండి. తండ్రులూ కుంగిపోతారు, మగవాడికి దిగులేమిటని వాళ్ల నోరు మూయకండి. తనకో బిడ్డకో హాని చేయాలన్న ఆలోచన వస్తోందని తల్లి అంటే ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఎవరిని అడగాలో తోచకపోతే టెలీ మానస్ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఈ సేవ ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. నంబరు 14416. ఇక్కడి నుంచి లేచేలోపే మీ ఫోన్‌లో ఎక్కించుకోండి.