పండుగనాడు ఇంటిల్లిపాదీ ఆడదగిన ఆటలు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంవత్సరాది సభలో పంచాంగ శ్రవణమూ పాటకచ్చేరీ ఉండగా, ఇంట్లో ఆడుకొనే ఆటలను గురించి మాట్లాడడమేమిటని కొందరికి తోచవచ్చు. ఊరు విడిచి వచ్చిన కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదని నా మనవి. అందుకు కారణాలు రెండు.

మొదటిది భాష. మాది చాకవేలు పక్క. 2007 దాకా కోలారు జిల్లాలో ఉండి, ఆ యేడు చిక్కబళ్ళాపురం జిల్లాలో చేరిన సీమ అది. అక్కడ బడి కన్నడం, ఇల్లు తెలుగు. కన్నడ అక్షరాలు దిద్దుకొన్న మా పిల్లలకు తెలుగును ఎవరూ పుస్తకం పెట్టి నేర్పలేదు. పొయ్యి దగ్గరా, చేని గట్టునా, తిన్నెమీది ఆటలోనూ అది వచ్చింది. "నీ వంతు", "కాయ పండింది", "తొండి ఆడితే ఒప్పుకోను" అన్న మాటలు పిల్లలు వాచకంలో చదివి నేర్చుకొన్నవి కావు. పట్టణాలకూ పరదేశాలకూ వచ్చిన మన ఇళ్ళలో ఆ తిన్నె లేదు. తల్లి తెలుగులో అడిగితే బిడ్డ ఇంగ్లీషులో బదులు చెబుతున్నాడు. "తెలుగులో మాట్లాడరా" అని గదమాయిస్తే నోరు మూసుకొంటాడు. అదే అవ్వ ఎదుట గవ్వలు పట్టి కూర్చొంటే, తన కాయను కాపాడుకోవడానికైనా నోరు తెరుస్తాడు. ఏ భాషలో చిన్ననాడు పోట్లాడామో ఆ భాషను మరచిపోవడం కష్టం.

రెండవ కారణం డబ్బు. మన వైపు ఉగాది మరునాటిని వర్షతొడకు అంటారు. ఆనాడు మాంసం వండుకొని తినడం, తిన్న తరువాత చెట్టుకింద పేక పరచడం చాలా ఊళ్ళలో ఆచారమైపోయింది. సరదాకు మొదలైన ఆట సాయంకాలానికి పిల్లల గుడ్డల డబ్బును, ఒక్కొక్కచోట విత్తనాల డబ్బును కూడా మింగుతుంది. మగవారు అక్కడ, ఆడవారూ పిల్లలూ ఇక్కడ. ఒక్క ఇంటి పండుగ రెండుగా చీలుతుంది. ఇప్పుడు చెట్టు కూడా అక్కరలేదు, చేతిలోని ఫోను చాలు. ఈ బాధ ఎంత ముదిరిందో చెప్పడానికి ఒక్క నిదర్శనం చాలు: డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైను ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టమే చేయవలసి వచ్చింది.

ఆట చెడ్డదని నేననను. ధర్మరాజుకు జూదమంటే ప్రీతి, ఆడే నేర్పు లేదు, లేచిపోయే నిగ్రహం అంతకన్నా లేదు. చెరిచింది పాచిక కాదు, పణం. కాబట్టి మొదటి నియమం: ఇంట్లో ఆట చింతగింజలకే గాని పైకానికి కారాదు. ఒక్క రూపాయి కూడా వద్దు. రూపాయి వచ్చిన చోట అవ్వ లేచిపోతుంది, పిల్లవాణ్ణి లేపేస్తారు.

ఇక ఏ ఆట ఎంచుకోవాలి? ఎందరు కూర్చొంటారు, వారిలో అందరికన్నా చిన్నవారెవరు, ఎంతసేపు తీరిక ఉంది అని ముందు చూసుకోవాలి. ఆపైన అదృష్టం పాలెంత, తెలివి పాలెంత అని చూడాలి. అంతా అదృష్టమైతే పెద్దలకు విసుగు, అంతా తెలివైతే చిన్నవారికి ఏడుపు.

అయిదారేళ్ళ పిల్లలుంటే వైకుంఠపాళి మంచిది. పటం గోడకు తగిలించుకోవచ్చు, వైకుంఠ ఏకాదశి జాగరానికీ పనికివస్తుంది. ఇందులో నేర్పు అక్కరలేదు గనుక తాతా మనుమడూ సమానులే. నిచ్చెనలకు పుణ్యాల పేర్లు, పాములకు పాపాల పేర్లు ఉన్న మన పటమే తెచ్చుకోండి. ఇది ఇంగ్లండు చేరి 1890 ప్రాంతాల అక్కడ అచ్చయింది. అంగట్లో దొరికే ఉత్త అంకెల పటంలో చదవడానికి ఏమీ ఉండదు. మన పటంలోనైతే పిల్లవాడు గడి గడికీ ఒక తెలుగు మాట చదువుతాడు.

ఎనిమిదేళ్ళు దాటితే అష్టాచెమ్మా. నా మటుకు నాకు ఇంటిల్లిపాదికీ దీనికి మించిన ఆట లేదు. ఖర్చు నాలుగు గవ్వలూ ఒక సుద్దముక్కా. అయిదు గడులకు అయిదు గడులు, మొత్తం ఇరవై అయిదు. నలుగురు ఆటగాళ్ళు, తలా నాలుగు కాయలు. నాలుగు గవ్వలూ వెల్లకిల పడితే చెమ్మా, నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. మైసూరు వైపు దీన్నే చౌకాబారా అంటారు. వెలుపలి వరుస తిరిగి లోపలికి పోవాలంటే ఎదుటివాని కాయ ఒకటైనా చంపి ఉండాలన్న నియమం చాలా ఇళ్ళలో ఉంది. గవ్వ ఎటు పడడానికైనా సమానంగా వీలుందనుకొంటే, నాలుగు గవ్వలు పదహారు విధాల పడవచ్చు. వాటిలో రెండు పడేవి ఆరు, ఒకటి పడేవి నాలుగు, మూడు పడేవి నాలుగు; చెమ్మాకు ఒకటి, అష్టాకు ఒకటి. ఈ లెక్క తెలిసిన పిల్ల తన కాయను శత్రువుకు రెండు గడుల దూరంలో నిలపదు. దీనికి పెద్దన్న పచ్చీసు. దానినుంచి పుట్టినదానికే ఇంగ్లండులో లూడో పేరుతో పేటెంటు పుచ్చుకొన్నారు.

ఇద్దరే ఉంటే వామనగుంటలు. ఏడేసి గుంటలు రెండు వరుసలు, గుప్పెడు చింతగింజలు. కన్నడిగుల అళగుళిమణె, తమిళుల పల్లాంగుళి ఇదే. ఆఫ్రికాలో దీని బంధువులు ఎన్నో ఉన్నాయి. లెక్క చూపుతోనే చేయాలి గనుక చిన్నవారికి కూడికలు వాటంతటవే వస్తాయి.

కాస్త ఎదిగినవారికి పులిమేక. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేకను దాటితే చంపుతుంది, మేకలు కలసికట్టుగా నిలిస్తే పులిని కదలకుండా బంధిస్తాయి. ఇందులో అదృష్టం బొత్తిగా లేదు. బలహీనులు పోట్లాడి కాదు, ఒకరినొకరు ఆనుకొని గెలుస్తారన్న సంగతి పరదేశంలో పెరిగే పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. హంపిలోను, మరెన్నో గుళ్ళ మండపాలలోను బండలమీద ఇటువంటి గీతలు చెక్కి ఉన్నాయి. చదరంగం సంగతి మీకు తెలిసిందే. తండ్రి అశోక్ గారి దగ్గర ఇంట్లోనే ఆట నేర్చుకొన్న కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్ మాస్టరై, 2019లోను 2024లోను ప్రపంచ ర్యాపిడ్ విజేత అయింది. అందరి పిల్లలూ హంపిలు కానక్కరలేదు. తండ్రి బిడ్డ ఎదుట గంటసేపు కూర్చొన్నాడన్నదే మనం గ్రహించవలసిన సంగతి.

పేకను ఇంటినుంచి వెలివేయనక్కరలేదు. మా సీమ నేలిన మైసూరు ప్రభువు మూడవ కృష్ణరాజ ఒడయరు (1794-1868) చీట్ల ఆటలు కల్పించి, వాటిని శ్రీతత్త్వనిధిలోని కౌతుకనిధిలో వివరించారు. వాటిలో పెద్ద ఆటకు 360 చీట్లు! దశావతార గంజీఫాలో పది రంగులు, 120 చీట్లు. అవతారాల పేర్లు చెప్పకుండా ఆట సాగదు. మామూలు ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరులతో పిల్లలకు గాడిద ఆట, పెద్దలకు రమ్మీ చాలు. రమ్మీలో ప్రధానం నేర్పేనని 1967లో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన ఒక కేసులో చెప్పింది. కాని ఆటశాల నడిపేవారు దానిమీద లాభం తీస్తే నేరం కావచ్చునని అదే తీర్పు హెచ్చరించింది. అది మరచిపోరాదు. ఏమీ లేకపోతే నాలుగు కాగితపు ముక్కలపై రాజు, మంత్రి, దొంగ, భటుడు అని తెలుగులో వ్రాయండి. వ్రాసే పని పిల్లలకే అప్పగించండి.

ఎలా ఆడాలో రెండు మాటలు. నియమాలు ఆటకు ముందే చెప్పుకోవాలి, మధ్యలో మార్చరాదు. పిల్లవాడు ఏడుస్తాడని ప్రతిసారీ ఓడిపోకండి. ఓడడం ఇంట్లో నేర్చుకోనివాడు బయట నేర్చుకొంటే ఎక్కువ నొప్పి. ఎన్ని ఆటలో ముందే అనుకొని అక్కడ ఆపండి. ఆడుతున్నంతసేపూ ఫోన్లు పక్కగదిలో, మాట తెలుగులో.

చివరిగా ఒక్క కోరిక. ఈ ఆటల నియమాలు ఊరు ఊరికీ, ఇల్లు ఇంటికీ వేరు. వాటిలో చాలా పాలు పెద్దవాళ్ళ నోటనే ఉన్నాయి, కాగితమెక్కలేదు. ఈ పండుగకు మీ అవ్వనో తాతనో, వారు ఊళ్ళో ఉంటే ఫోనులోనైనా, అడిగి మీ ఇంటి అష్టాచెమ్మా నియమాలు ఒక కాగితం మీద వ్రాసి ఉంచండి. వ్రాసేవారు మీ పిల్లలైతే మరీ మంచిది. వచ్చే ఉగాది సంచికలో వాటిని ప్రకటించవలసిందిగా సంపాదకవర్గాన్ని నేనిప్పుడే ప్రార్థిస్తున్నాను.