మన చేతి పని మన పేరు మీదనే ఉండాలె
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడర్ చేసిన ప్రసంగం)



పొదుపుల గురించి, బ్యాంకు లింకేజి గురించి, రికవరీ గురించి ముందు మాట్లాడినవాళ్ళు వివరంగా చెప్పిన్రు. నాకు ఇచ్చిన విషయం మన పని, మన బతుకుదెరువు. నేను పదో తరగతి వరకే చదువుకున్న. అందుకని పెద్ద మాటలు కాకుండా మన ఇండ్లల్ల జరిగేదే చెప్త.

మన సంఘాలలో ఉన్నవాళ్ళు ఏం పని చేస్తరు? బీడీలు చుడతరు, మిషన్ కుడతరు, కూరగాయలు అమ్ముతరు, నాట్లకు, కలుపులకు పోతరు. హోటళ్ళల్ల, ఇండ్లల్ల పని చేసేటోళ్ళు కూడా ఉన్నరు. దీన్నంతా అసంఘటిత రంగం అంటరు. అంటే నెల జీతం లేదు, సెలవు లేదు, అపాయింట్‌మెంట్ కాగితం లేదు. మన దేశంలో పనిచేసే ప్రతి పదిమందిలో దాదాపు తొమ్మిదిమందిది ఇట్లాంటి పనే. ఇంతమందిమి ఉండి కూడా, సర్వేకు వచ్చిన సారు "ఏం పని చేస్తవమ్మా?" అని అడిగితే మనం ఏమంటం? "ఏం లేదు సారు, ఇంట్లనే ఉంట" అంటం. ఒళ్ళో చాట పెట్టుకొని, చేతిల బీడీ పట్టుకొని ఆ మాట అంటం. ఆ సారు కూడా "గృహిణి" అని రాసుకొని పోతడు.

నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు బీడీలు లేని ఊరు తక్కువ. పొద్దుగాల తునికాకు నానబెట్టాలె, కత్తెరతో కొలతకు కత్తిరించాలె, తంబాకు పోసి చుట్టాలె, దారం కట్టాలె, మూతి మలవాలె, లెక్కపెట్టి కట్టలు కట్టాలె. వంట చేసి, పిల్లలను బడికి పంపి, మధ్యమధ్యల ఈ పని చేస్తం. సాయంత్రం కార్ఖానకు పట్టుకపోతే బాగలేవని కొన్ని పక్కకు తీస్తరు, వాటికి కూలి రాదు. నెల మొత్తం పని దొరకదు. నడుము పట్టుకుంటది, తంబాకు దుమ్ముకు దగ్గు వస్తది. ఇదంతా మీకు తెలిసిందే. తెలియని సంగతి ఇంకొకటి ఉన్నది, అది చెప్పడానికే వచ్చిన.

ఇంటి దగ్గర కూర్చొని చుట్టినా మనం కార్మికులమే. ఈ మాట 1966లో వచ్చిన బీడీ కార్మికుల చట్టంలోనే రాసిన్రు. 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది. దవాఖాన, ఇల్లు, పిల్లల స్కాలర్‌షిప్పు దాని కిందనే పెట్టిన్రు. పీఎఫ్ కూడా ఉన్నది. మన కూలిలో నూటికి 10 రూపాయలు కోస్తే, యజమాని ఇంకో 10 రూపాయలు తనది కట్టాలె. కనీసం 10 ఏండ్ల సర్వీసు ఉంటే 58 ఏండ్లకు పీఎఫ్ ఆఫీసు నుంచి నెలనెలా పెన్షన్ వస్తది. 2014 సెప్టెంబర్ నుంచి అది కనీసం 1,000 రూపాయలు. మన తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు వేరే పెన్షన్ ఇస్తున్నది, 2019 జూన్‌లో దాన్ని 2,016 రూపాయలు చేసిన్రు. అయితే దీనికి పీఎఫ్ నంబరే ఆధారం. మన చేతి వేళ్ళు చూసి పెన్షన్ ఇయ్యరు, నంబరు చూసి ఇస్తరు.

ఇక్కడనే మన ఆడవాళ్ళు నష్టపోతున్నరు. చాలా ఇండ్లల్ల పుస్తకం ఒకరిది, చుట్టేది ఇద్దరు. అత్త పేరు మీద కోడలు, అక్క పేరు మీద చెల్లె, పక్కింటామె పేరు మీద ఇంకొకామె చేస్తరు. కార్ఖానలో కొత్త పేరు ఎక్కించుకోరు, ఇంట్లో ఖర్చు ఆగదు, అందుకని అట్ల సర్దుకుంటరు. మా దగ్గర ఒకామె ఉన్నది. పెండ్లయి వచ్చిన నాటి నుంచి ఇరవై ఏండ్లకు పైగా ఇంకొకరి పుస్తకం మీదనే చుట్టింది. భర్త చనిపోయిన తర్వాత పెన్షన్ కోసం కాగితాలు అడిగితే, ఆమె దగ్గర చూపించడానికి ఒక్క చీటి లేదు. పుస్తకం ఎవరిదో పీఎఫ్ వాళ్ళదే. ఆమె చుట్టిన బీడీలు ఊరందరికీ తెలుసు, ఆఫీసుకు తెలియదు. ఊరంతా పోయి సాక్ష్యం చెప్తమన్నా ఆ ఇరవై ఏండ్లు కాగితం మీదికి రాలేదు. ఇప్పటికీ ఆమె చుడుతనే ఉన్నది.

అక్కా, ఒకసారి ఆలోచించుండ్రి. మన సంఘంలో పొదుపు పైసలు కట్టినా పుస్తకంలో రాయించుకుంటం. ఒక్క వారం రాయడం మరిచిపోతే వీఓఏను నిలదీస్తం. లెక్కల పుస్తకాలు సక్కగ ఉండాలె అన్నది మన పంచసూత్రాలలో ఒకటి. మరి జీవితమంతా చేసిన పనికి ఒక్క రాత లేకుండా ఎట్ల ఊరుకుంటున్నం?

గుజరాత్‌లో ఇలాబెన్ భట్ గారు 1972లో 'సేవ' అనే సంఘం పెట్టిన్రు. గంపలు మోసేటోళ్ళు, చిల్లర అమ్ముకునేటోళ్ళు అందులో చేరిన్రు. మొదట అధికారులు రిజిస్టర్ చేయమన్నరు. "మీకు యజమాని ఎవరు? యజమాని లేకుంటే యూనియన్ ఎట్లా?" అని అడిగిన్రు. ఆమె పట్టువిడవలేదు, ఆ సంవత్సరమే రిజిస్టర్ చేయించిన్రు. మనం కార్మికులమని ముందు మనం అంటేనే వాళ్ళు రాస్తరని దానితోని అర్థమైతది.

అందుకని ప్రతి సంఘం ఒక నెల మీటింగులో ఈ పనులు చేయాలని కోరుతున్న.

ఒకటి. సభ్యులందరూ ఏ పని చేస్తున్నరు, ఎవరి పేరు మీద చేస్తున్నరు అన్నది తీర్మానం పుస్తకంలో రాయాలె.

రెండు. పీఎఫ్ ఉన్నవాళ్ళు ఆధార్‌లో, బ్యాంకులో, పీఎఫ్‌లో పేరు, పుట్టిన తేదీ ఒక్కతీరు ఉన్నయా చూసుకోవాలె. ఒక్క అక్షరం తేడా ఉన్నా పైసలు ఆగుతయి. నామినీ పేరు రాయించాలె. యజమాని కడుతున్నడా లేడా అన్నది ఫోన్‌లో ఉమంగ్ యాప్‌లో చూడవచ్చు. చదువుకున్న బిడ్డలతో చూపించుకోవాలె.

మూడు. ఇంకొకరి పేరు మీద చుట్టేవాళ్ళ జాబితా గ్రామ సంఘం నుంచి మండల సమాఖ్యకు రావాలె. ఒక్కామె పోయి అడిగితే "రేపు రా" అంటరు. యాభైమంది పేర్లతో, సమాఖ్య ముద్రతో కార్మిక శాఖకు దరఖాస్తు పెడితే తీసుకొని రసీదు ఇస్తరు. రసీదు లేకుండా మాత్రం వాపసు రావద్దు.

నాలుగు. పీఎఫ్ లేని కూలివాళ్ళు, కుట్టు పనివాళ్ళు, కూరగాయలు అమ్మేవాళ్ళు 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్ కార్డు తీసుకోవాలె. 16 నుంచి 59 ఏండ్ల లోపువాళ్ళకు ఇస్తరు, రిజిస్ట్రేషన్‌కు పైసలు లేవు. బ్యాంకు ఖాతా ఉన్నవాళ్ళు ఏడాదికి 20 రూపాయలు కడితే 2 లక్షల ప్రమాద బీమా ఉంటది, అది కూడా అడగాలె.

కార్డు తీసుకున్నంత మాత్రాన కూలి పెరగదు, ఆ సంగతి నాకూ తెలుసు. బీడీ పని కూడా రానురాను తగ్గుతున్నది. మన బిడ్డలు ఈ పనికి రావద్దని అందరం కోరుకుంటున్నం. అయినా ఇన్నేండ్లు చేసిన పని ఉత్తగ పోవద్దు. పని బంద్ అయిన నాడు మన చేతిల మిగిలేది మన పేరు మీద ఉన్న ఆ కాగితమే.

ఈసారి సర్వే సారు వచ్చి అడిగితే "ఇంట్లనే ఉంట" అనకుండ్రి. "బీడీ కార్మికురాలిని, రాసుకోండి" అనుండ్రి. ఆయన ఏం రాసిండో చదివించుకొని అప్పుడు సంతకం పెట్టుండ్రి.