పీటర్ కుందేలు బొమ్మల పుస్తకం

పీటర్ అనే కొంటె కుందేలు పిల్ల కథ మొదట ఒక ఉత్తరంగా పుట్టింది. ఇంగ్లండ్ రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ 1893 సెప్టెంబరు 4న స్కాట్లండ్ నుంచి, జబ్బుపడిన అయిదేళ్ల నోయల్ మూర్‌కు బొమ్మలు వేసి ఆ జాబు రాశారు. నోయల్ తల్లి ఒకప్పుడు పాటర్‌కు ఇంట్లో చదువు చెప్పిన ఉపాధ్యాయిని.

తర్వాత ఆ కథను పెంచి పుస్తకంగా పంపితే ప్రచురణకర్తలు ఒప్పుకోలేదు. పాటర్ 1901 డిసెంబరులో సొంత ఖర్చుతో 250 ప్రతులు వేయించారు. వాటిలో బొమ్మలు దాదాపు అన్నీ నలుపు తెలుపే. చివరికి ఫ్రెడరిక్ వార్న్ సంస్థ కోరిక మీద వాటికి రంగులద్దారు. ఆ పుస్తకం 1902 అక్టోబరులో వెలువడింది.

పసివాళ్ల చేతుల్లో ఇమిడే చిన్న సైజే కావాలన్నది పాటర్ పట్టుదల. అసలు గొప్పతనం మాత్రం బొమ్మల్లో ఉంది. మెగ్రెగర్ అనే ఆయన తోటలో దూరి ముల్లంగి తినే పీటర్ నీలం కోటు తొడుక్కుంటాడు గానీ, కోటు లోపల ఉన్నది అచ్చమైన కుందేలే. చెవుల వాలు, ఒంటి బిగువు, బెదురు చూపు, అన్నీ పెంపుడు కుందేళ్లను ఏళ్ల తరబడి చూసి గీసినవి. చెప్పులు పోగానే అతడు నాలుగు కాళ్ల మీద పరుగు తీస్తాడు. తండ్రి అదే తోటలో ప్రాణం పోగొట్టుకున్న సంగతి కూడా కథ దాచదు. పిల్లల మీద అంత నమ్మకం అరుదు.

పుస్తకాల రాబడికి వారసత్వపు సొమ్ము కలిపి పాటర్ 1905లో ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్‌లో హిల్‌టాప్ పొలం కొన్నారు. 1943లో ఆమె మరణించాక 4,000 ఎకరాలకు పైగా భూమి, ప్రకృతి స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్టు సంస్థకు దక్కింది.